ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ సంచుల నిషేధం

ఆంధ్రప్రదేశ్‌లో ప్లాస్టిక్ సంచుల నిషేధం ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ నియమాలపై ఆధారపడి ఉన్నది. వీటికి తోడు స్థానిక సంస్థలు, దేవస్థానాలు తమ పరిధిలో మరికొన్ని ఆంక్షలు విధించాయి. కేంద్ర నియమాలు అన్ని రకాల ప్లాస్టిక్ సంచులను నిషేధించలేదు. నిర్ణీత మందం కంటే పలుచనైన చేతి సంచులను (క్యారీ బ్యాగులను) మాత్రమే నిషేధించాయి. 2022 డిసెంబరు 31 నుండి ఈ కనీస మందం 120 మైక్రాన్లు. ఒక మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మొదట పట్టణాలకే పరిమితమైన ఈ నియమాలు 2016 నుండి గ్రామాలకు కూడా వర్తిస్తున్నాయి. కనుక పురపాలక సంఘం లేని మిడుతూరు (నంద్యాల జిల్లా) వంటి గ్రామీణ మండలాలలో వీటిని అమలుపరచవలసిన బాధ్యత గ్రామ పంచాయతీలదే.

నేపథ్యం

పూర్వం సంతకు వెళ్ళేవారు గుడ్డసంచి, నూనెకు డబ్బా వెంట తీసుకుపోయేవారు. పచారీ దుకాణాలలో సరుకులను కాగితపు పొట్లాలలో కట్టి ఇచ్చేవారు. తేలికగా, చౌకగా దొరికే పాలిథీన్ సంచులు వచ్చిన తరువాత ఈ అలవాట్లు తగ్గిపోయాయి. పాలిథీన్ నేలలో కుళ్ళిపోదు. ఎండకు పెళుసుబారి సన్నని ముక్కలుగా విడిపోయి మట్టిలోను, నీటిలోను కలుస్తుంది. పలుచని సంచులు మురుగు కాలువలకు అడ్డుపడి వరద ముంపును పెంచుతాయి. ఈ కారణంగానే బంగ్లాదేశ్ 2002లో పలుచని సంచులను నిషేధించి, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశమైనది. భారతదేశంలో హిమాచల్ ప్రదేశ్ 2009 అక్టోబరు 2 నుండి రాష్ట్రమంతటా ప్లాస్టిక్ సంచులను నిషేధించింది.

పశువులకు కలిగే హాని

ఎంగిలి ఆహారాన్ని, కూరగాయల తొక్కలను సంచిలో వేసి ముడి కట్టి పారవేయడం వలన ఆవులు, గేదెలు సంచితో సహా మింగుతాయి. నెమరువేసే జంతువుల మొదటి జీర్ణకోశంలో ఈ ప్లాస్టిక్ పేరుకొని గట్టి ముద్దగా మారుతుంది. అది జీర్ణం కాదు, బయటకు పోదు. మేతకు చోటు తగ్గి పశువు క్రమంగా చిక్కిపోతుంది. శస్త్రచికిత్స ద్వారా తొలగించడం తప్ప వేరే మార్గం ఉండదు. ఇటువంటి శస్త్రచికిత్సలలో ఒక్కొక్క పశువు కడుపు నుండి పదుల కిలోల ప్లాస్టిక్ బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

ఈ విషయంపై పుట్టపర్తికి చెందిన కరుణ సొసైటీ ఫర్ యానిమల్స్ అండ్ నేచర్ 2012లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. ప్లాస్టిక్ సంచులను నిషేధించాలని, చెత్తను బహిరంగంగా పారవేయడం మాన్పించాలని కోరింది. ఈ సమస్యను అదుపు చేయకుంటే రాబోయే తరానికి అణుబాంబు కంటే ఎక్కువ ప్రమాదమని 2012 మే నెలలో ధర్మాసనం వ్యాఖ్యానించింది. రాయలసీమ నుండి వెళ్ళిన ఈ వ్యాజ్యం దేశవ్యాప్త చర్చకు కారణమైనది.

కేంద్ర నియమాలు

ఈ నియమాలన్నీ పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 క్రింద జారీ అయ్యాయి.

* 1999: కొత్త ప్లాస్టిక్‌తో చేసిన సంచికి కనీస మందం 20 మైక్రాన్లు. తిరిగి కరిగించి చేసిన ప్లాస్టిక్ సంచులలో ఆహార పదార్థాలు ఇవ్వరాదు.
* 2011: కనీస మందం 40 మైక్రాన్లు. దుకాణదారులు సంచులను ఉచితంగా ఇవ్వరాదు.
* 2016: కనీస మందం 50 మైక్రాన్లు. నియమాలు గ్రామాలకు విస్తరించాయి.
* 2021 సవరణ: కనీస మందం 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లు. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు మొదలైన ఒకసారి వాడి పారవేసే వస్తువులపై నిషేధం.

మందం పెంచడానికి కారణం ఉన్నది. పలుచని సంచికి పాత సామాన్ల వ్యాపారి వద్ద విలువ లేదు గనుక దానిని ఎవరూ ఏరుకోరు. మందమైన సంచి మళ్ళీ వాడుకోవడానికి పనికివస్తుంది. ఖరీదు ఎక్కువ కావడం వలన ఉచితంగా ఇవ్వడానికి వ్యాపారులు వెనుకాడతారు.

2016 నియమాల ప్రకారం సంచులు ఇచ్చే దుకాణదారులు స్థానిక సంస్థ వద్ద నమోదై సంవత్సరానికి కనీసం 48,000 రూపాయలు చెల్లించవలసి ఉండేది. 2018 సవరణలో ఈ నిబంధనను తొలగించారు. 2024 ఏప్రిల్ 1 నుండి పర్యావరణ పరిరక్షణ చట్టం ఉల్లంఘనకు జైలు శిక్షకు బదులు 10 వేల నుండి 15 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే పద్ధతి అమలులోకి వచ్చింది.

స్థానిక ప్రయత్నాలు

తిరుమల: కొండపైకి వెళ్ళే వాహనాలను, సామానును అలిపిరి వద్దనే తనిఖీ చేస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం ప్లాస్టిక్ నీటి సీసాలకు బదులు గాజు సీసాలను ప్రవేశపెట్టింది. లడ్డూ ప్రసాదం కోసం రక్షణ పరిశోధన సంస్థ (డీఆర్‌డీఓ) రూపొందించిన, మట్టిలో కలిసిపోయే సంచుల విక్రయం 2021 ఆగస్టులో మొదలైనది. 2022 జూన్ 1 నుండి కొండపై ప్లాస్టిక్ వస్తువులను పూర్తిగా నిషేధించారు.

విశాఖపట్నం: మహా విశాఖ నగరపాలక సంస్థ 2022 జూన్ 5న, ప్రపంచ పర్యావరణ దినం నాటి నుండి, ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్‌పై నిషేధం అమలు ప్రారంభించింది.

గ్రామాలు: పలు గ్రామ పంచాయతీలలో చెత్త నుండి సంపద తయారీ కేంద్రాలను నిర్మించారు. ఇక్కడ తడి చెత్తను ఎరువుగా మార్చి, ప్లాస్టిక్‌ను వేరుచేస్తారు. 2025 జనవరి నుండి రాష్ట్ర ప్రభుత్వం నెలలో మూడవ శనివారం స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమాన్ని చేపట్టింది. పొరుగున ఉన్న తెలంగాణలో సిద్దిపేట ప్రాంతంలో విందులకు స్టీలు పాత్రలను సమకూర్చే స్టీలు బ్యాంకులు ఏర్పడ్డాయి.

అమలులో పరిమితులు

సంచి మందాన్ని కంటితో నిర్ణయించడం సాధ్యం కాదు. మైక్రోమీటరు అనే పరికరం కావాలి. సంచుల తయారీపై పర్యవేక్షణ కాలుష్య నియంత్రణ మండలిది కాగా, గ్రామంలో వాడకాన్ని అరికట్టవలసినది పంచాయతీ. తయారీ ఆగకపోతే భారమంతా చిన్న దుకాణదారులపైన, తోపుడుబండ్ల వారిపైన పడుతుంది. పాల ప్యాకెట్లు, చిరుతిండ్ల పొట్లాలు వంటివి సరుకులో భాగమైన ప్యాకింగు గనుక చేతి సంచుల నిర్వచనంలోకి రావు. తిరుమలకు అలిపిరి వంటి తనిఖీ కేంద్రం ఉన్నది. నలువైపులా దారులున్న పల్లెకు అటువంటి అవకాశం లేదు. అందువలన గ్రామాలలో నిషేధం ఫలించాలంటే తనిఖీలతో పాటు తడి, పొడి చెత్తను ఇంటివద్దనే వేరుచేయడం, బజారుకు గుడ్డసంచి తీసుకువెళ్ళడం అవసరం. ఎంగిలి ఆహారాన్ని సంచిలో ముడి కట్టి పారవేయకుండా ఉంటే పశువులకు కలిగే హాని కూడా చాలావరకు తగ్గుతుంది.