ట్రూమన్‌ను ఆపిన తీర్పు

అమెరికా ప్రెసిడెంటు తల్చుకుంటే ఏ దేశం మీదికైనా యుద్ధానికి పోతాడని కోరుట్లలో మావాళ్లు ఫోన్‌లో అంటుంటారు. టీవీ చూస్తే నిజమేననిపిస్తుంది. ఇక్కడ అమెరికాలో రాజ్యాంగం ఆయన్ను సైన్యానికి అధిపతిని చేసింది గానీ, యుద్ధం ప్రకటించే హక్కు మాత్రం ఇక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కే ఇచ్చింది. కాంగ్రెస్ ఆ హక్కును చివరిసారి వాడింది 1942లో. కొరియా, వియత్నాం, ఇరాక్ అన్నీ యుద్ధ ప్రకటన లేకుండా నడిచినవే.

1952 ఏప్రిల్‌లో, కొరియాలో పోరు సాగుతుండగా, ఉక్కు కార్మికులు సమ్మెకు దిగబోయారు. ఆయుధాలకు ఉక్కు అందదని అప్పటి ప్రెసిడెంటు ట్రూమన్ ఒక్క సంతకంతో మిల్లులను సర్కారు స్వాధీనం చేశాడు. సిరిసిల్లలో సమ్మె మాట వినపడగానే కలెక్టర్ వచ్చి మరమగ్గాల సాంచాలన్నీ గుంజుకున్నట్టు! ప్రెసిడెంటుకు అలాంటి అధికారం ఇవ్వొద్దని 1947లో సమ్మెల చట్టం చేసేటప్పుడే కాంగ్రెస్ తేల్చింది. యజమానులు కోర్టుకెక్కారు. జూన్ 2న సుప్రీంకోర్టు 6–3తో ఆ ఉత్తర్వు చెల్లదంది. సైన్యాధిపతి అయినంత మాత్రాన దేశంలోని మిల్లులు ఆయన చేతికి రావంది. ట్రూమన్‌కు మింగుడుపడకపోయినా మిల్లులను వెంటనే తిరిగిచ్చేశాడు. యుద్ధం నడుస్తుండగానే ప్రెసిడెంటు కోర్టు మాట విన్నాడు, అది చిన్న సంగతి కాదు.

అయితే గెలిచింది మిల్లు యజమానులని మర్చిపోవద్దు. సామాన్య కుటుంబాల దగ్గరికొచ్చేసరికి కథ వేరు. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, ఇదే కోర్టు జపాన్ మూలాలున్న కుటుంబాలను పశ్చిమ తీరం నుంచి వెళ్లగొట్టడం సబబేనంది. అదీ 6–3తోనే. సుమారు 1,20,000 మంది శిబిరాల పాలయ్యారు, వాళ్లలో ఎక్కువమంది ఇక్కడి పౌరులే. రెండు తీర్పులూ రాసింది ఒకే జడ్జి, హ్యూగో బ్లాక్. అప్పుడు కాంగ్రెస్ కూడా ప్రెసిడెంటు రూజ్‌వెల్ట్‌ వెంట నిలబడిందని లాయర్లు సర్దిచెప్తారు. చట్టం లెక్కన ఆ మాట నిజమే. నాకైతే అంతటితో సరిపోలేదు. బతికున్నవాళ్లకు క్షమాపణ, తలా 20,000 డాలర్లు ఇస్తూ చట్టం వచ్చింది 1988లో.

మన దగ్గర జనం హక్కులను పక్కనపెట్టడానికి యుద్ధం కూడా అక్కర్లేకపోయింది. 1978లో రైతుకూలీ సంఘాల జగిత్యాల జైత్రయాత్ర జరిగిన కొద్దికాలానికే రాష్ట్ర సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి, పోలీసులకు కాల్పుల దాకా అధికారాలిచ్చే పాత చట్టాన్ని బయటికి తీసింది. ఎమర్జెన్సీలో సైతం ప్రాణానికున్న హక్కును ఎవరూ తీసేయకూడదని 44వ సవరణతో ఢిల్లీలో పార్లమెంటు ఆమోదించిందీ ఆ ఏడాదే.