మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో చదువుతున్నారా? పచ్చని చోట్లు ఎక్కడున్నాయి, పార్కు లేకుంటే ఎవరిని అడగాలి?

హాస్టల్ గదిలో నలుగురు ఉంటారు. ఒకరు ఫోన్ మాట్లాడుతుంటారు, ఇంకొకరు వీడియో చూస్తుంటారు. పుస్తకం పట్టుకుని కాసేపు చెట్టు కింద కూర్చుందామంటే ఎక్కడికెళ్లాలి? ఈ మూడు ఊళ్లకు చదువు కోసం వచ్చిన చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది.

ఇక్కడి పచ్చదనంలో కొంత మున్సిపాలిటీది, కొంత విద్యాసంస్థలది, మిగతాది అటవీ శాఖది. ఏది ఎవరిదో తెలిస్తే ఎక్కడికి నేరుగా వెళ్లొచ్చో, ఎక్కడ అనుమతి కావాలో మీకే అర్థమవుతుంది.

మదనపల్లె: కళాశాల నుంచి కొండ దాకా

అనిబిసెంట్ 1915లో స్థాపించిన బీటీ కళాశాల పట్టణంలోనే ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో జనగణమనను ఆంగ్లంలోకి అనువదించింది మదనపల్లెలోనే. బయటి విద్యార్థులైతే గేటు దగ్గర అడిగి లోపలికి వెళ్లండి.

సెలవు రోజైతే హార్సిలీ హిల్స్‌కు వెళ్లొచ్చు. మదనపల్లె నుంచి సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు దాదాపు 1,265 మీటర్లు కాబట్టి కింద ఎండ మండుతున్నా పైన చల్లగా ఉంటుంది. అటవీ శాఖ పర్యావరణ పార్కు ఉంది. కొండ ఎక్కేముందే తిరుగు బస్సు సమయం కనుక్కోండి.

రిషి వ్యాలీలో 1991లో పక్షుల సంరక్షణ ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు. అరుదైన పసుపు గొంతు పిగిలిపిట్ట ఇక్కడి కొండల్లో కనిపిస్తుంది. అయితే అది పాఠశాల ప్రాంగణం, పబ్లిక్ పార్కు కాదు. ముందుగా అనుమతి తీసుకున్నాకే బయలుదేరండి.

కుప్పం: చెట్లతో పాటు ఏనుగులూ ఉన్నాయి

1997లో ఏర్పాటైన ద్రావిడ విశ్వవిద్యాలయం ప్రాంగణం వెయ్యి ఎకరాలకు పైగా ఉంటుంది. అక్కడ చదివేవారికి నడకకు వేరే చోటు వెతకాల్సిన పనిలేదు.

ఊరు దాటితే మాత్రం జాగ్రత్త. పలమనేరు, కుప్పం వైపు విస్తరించిన కౌండిన్య అభయారణ్యం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. అందులో అడవి ఏనుగులు తిరుగుతాయి. తెల్లవారుజామున, సాయంత్రం, రాత్రి వేళల్లో అవి పొలాల మీదికి, రోడ్ల మీదికి వస్తాయి. ఆ సమయాల్లో అటవీ మార్గాల్లో బైక్‌ల మీద తిరగొద్దు. ఏనుగు కనిపిస్తే సెల్ఫీ కోసం ఆగొద్దు. అనుమతి లేకుండా అభయారణ్యంలోకి వెళ్లడం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. కైగల్ జలపాతానికి వెళ్లినా నీళ్లలో దిగొద్దు. అక్కడి రాళ్లు జారుతాయి.

పుంగనూరు: మీ వీధి చివరి ఖాళీ స్థలం ఎవరిది?

పుంగనూరులో ఉంటున్నవారు ముందుగా తమ కాలనీ లేఅవుట్ ప్లాన్ చూడాలి. మిగతా రెండు ఊళ్లకూ ఇదే వర్తిస్తుంది. రాష్ట్ర నిబంధనల ప్రకారం లేఅవుట్‌లో 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, స్థానిక సంస్థకు రాసివ్వాలి. పార్కులు, ఆట స్థలాలు రావాల్సింది అక్కడే. ముళ్లకంపలు పెరిగిన చోటు కాగితాల్లో పార్కు అయి ఉండొచ్చు. అక్కడ గోడ లేచాక అడగడం కన్నా ముందే అడగడం మేలు.

ఎలా అడగాలి?

1. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని కలిసి, మీ లేఅవుట్‌కు అనుమతి ఉందా, ఖాళీ స్థలం ఎక్కడ చూపారో తెలుసుకోండి.

2. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తు చేయండి. ఫీజు 10 రూపాయలు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఫీజు అక్కర్లేదు, కార్డు నకలు జతచేయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘లేఅవుట్ ప్లాన్ నకలు, ఖాళీ స్థలం అప్పగించిన పత్రం నకలు ఇవ్వండి’ అని సూటిగా రాయండి.

3. ఆక్రమణ కనిపిస్తే ఫొటో, సర్వే నంబరుతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు తప్పకుండా తీసుకోండి.

మీరు ఇక్కడ ఉండేది మూడు, నాలుగేళ్లే కావచ్చు. మీరు పెట్టిన అర్జీతో ఆ స్థలం మిగిలితే, మీ తర్వాత ఆ గదిలోకి వచ్చేవారికి కూర్చోవడానికి ఒక చెట్టు నీడ ఉంటుంది.