హకీంపేట: విమానాలకు బడి

హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ సికింద్రాబాద్‌కు ఉత్తరాన, కౌకూర్, బొల్లారం, యాప్రాల్ ప్రాంతాలకు చేరువలో ఉంది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి దీని పక్కనుంచే పోతుంది. భారత వైమానిక దళానికి ఇది ప్రధానంగా శిక్షణ కేంద్రం. ఫైటర్ ట్రైనింగ్ వింగ్, హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్ ఇక్కడే నడుస్తున్నాయి.

దుండిగల్ అకాడమీలో తొలి పాఠాలు ముగించిన క్యాడెట్లు హకీంపేటలో కిరణ్ జెట్ ఎక్కుతారు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ తయారుచేసిన ఈ విమానం 1964లో మొదటిసారి ఎగిరింది. ఇందులో గురువూ శిష్యుడూ పక్కపక్కనే కూర్చుంటారు. శిష్యుడి చెయ్యి ఎక్కడ తడబడుతోందో గురువుకు వెంటనే కనిపిస్తుంది. దశాబ్దాల పాటు మన ఫైటర్ పైలట్లు జెట్ వేగానికి అలవాటుపడింది ఈ సీట్లలోనే. ఇక్కడ గట్టెక్కినవారు బీదర్‌లో హాక్ విమానాల మీద పై శిక్షణ పొందుతారు.

హెలికాప్టర్ బడిలో కష్టమైన పాఠం గాలిలో ఒకేచోట నిలవడం. రెండు చేతులూ, రెండు కాళ్లూ ఒకేసారి పనిచేస్తేనే అది సాధ్యం. ఇంజన్ ఆగితే కిందినుంచి వచ్చే గాలితోనే రెక్కలు తిరిగేలా చూసుకుంటూ సురక్షితంగా దిగడం కూడా ఇక్కడ నేర్పుతారు.

శిక్షణ విమానాలు గంటల తరబడి దిగుతూ, లేస్తూ, మళ్లీ చుట్టు తిరిగి వస్తూనే ఉంటాయి. అలాంటి రన్‌వే మీద టికెట్ కొని ఎక్కే విమానాలకు చోటు దొరకడం కష్టం. నగర ప్రయాణికుల భారాన్ని 2008 మార్చి దాకా బేగంపేట మోసింది, ఆ తర్వాత శంషాబాద్ అందుకుంది. హకీంపేటకు వచ్చేవి ప్రముఖుల విమానాలే. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయంలో శీతకాల విడిదికి వచ్చే రాష్ట్రపతులు ఇక్కడ దిగుతుంటారు. 2020 నవంబర్ 28న కోవిడ్ టీకా తయారీని చూడడానికి వచ్చిన ప్రధాని కూడా ఇక్కడే దిగి, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఉన్న భారత్ బయోటెక్‌కు వెళ్లారు.

ఒకప్పుడు చుట్టూ పొలాలు, ఇప్పుడు కాలనీలు. రన్‌వే దాపున కట్టడాల ఎత్తుకు హద్దులున్నాయి. అంతకంటే పెద్ద బెడద పక్షులు. మాంసం వ్యర్థాలు పడేసిన చోట గద్దలు మూగుతాయి. ఒక్క గద్ద ఇంజన్‌లోకి దూరినా విమానం కూలవచ్చు. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులను ఆకర్షించేలా చెత్త వేయడాన్ని 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ నిబంధనలే నిషేధించాయి. కౌకూర్, యాప్రాల్, అల్వాల్ వాసులు చెత్తను ఆరుబయట వేయకుండా బండికే అందించాలి.