ఎడ్లపాడు నుంచి వెనక్కి చూస్తే

పొద్దున ఏడున్నరకు ఎడ్లపాడు సెంటర్లో హైవే పక్కన నిలబడితే కాలేజీ చదువుల అంతస్తులు బస్సుల్లోనే తెలిసిపోతాయి. పసుపుపచ్చ ఇంజనీరింగ్ కాలేజీ బస్సులు వరసగా వచ్చి పిల్లల్ని ఎక్కించుకుపోతాయి. పాస్ చేతబట్టుకుని ఆర్టీసీ బస్సు కోసం చూసేవాళ్లు వేరు. అందులో బీఏ చదివే కుర్రాణ్ణి ఎవరైనా పలకరిస్తే, రెండో ప్రశ్న తప్పకుండా ఒకటే: "ఏం, ఇంకేమీ రాలేదా?"

ఈ ప్రశ్న పుట్టి ఎంతో కాలం కాలేదు. బీఏలోని ఎకనామిక్స్‌నే తీసుకోండి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఊరి బళ్ల లెక్క పంపమని కలెక్టర్లకు రాశాడు. గుంటూరు నుంచి వెళ్లిన లెక్కలో 574 బళ్లున్నాయి. వీధిబడి చదువంటే ఇసుకలో అక్షరాలు, ఎక్కాలు, కొలతలు, పత్రం రాయడం. పుట్టికెన్ని తూములో, తూముకెన్ని కుంచాలో నోటికొచ్చిన పిల్లాడికి ధర సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. మన ప్రాంతానికి అర్థశాస్త్రం ఆ కొలపాత్రలోనే వచ్చింది. పేరు మాత్రం తర్వాత పెట్టారు.

పేరు పెట్టినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. గుంటూరులో ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రాచార్యుడుగా చేరిన గిల్బర్ట్ స్లేటర్ శిష్యుల చేతికి ప్రశ్నల పట్టిక ఇచ్చి, సెలవుల్లో మీ ఊళ్లకే వెళ్లి రాసుకు రండన్నాడు. అలా తయారైన దక్షిణాది గ్రామాల పుస్తకం 1918లో వచ్చింది. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి.రంగా ఆక్స్‌ఫర్డ్‌లో ఈ శాస్త్రమే చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కాలేజీలో పాఠం చెప్పాడు. 1930ల్లో సొంతూళ్లో రైతాంగ విద్యాలయం పెట్టాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 1926లో తొలి ఉపకులపతి అయిన కట్టమంచి రామలింగారెడ్డి తెలుగులోనే అర్థశాస్త్రం రాశాడు. అప్పట్లో ఎకనామిక్స్ చదవడమంటే ఇంకేమీ రాక కాదు, ఊరి అప్పు ఎందుకు తీరదో తెలుసుకోవాలన్న కసి.

నరసరావుపేటలో ఎస్.ఎస్.ఎన్. కాలేజీ 1950లో వచ్చింది. నాగార్జున విశ్వవిద్యాలయం 1976లో, నాగార్జునసాగర్‌లో రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీ 1977లో. ఈలోగా 1968లో తెలుగు అకాడమీ పుట్టి తెలుగు మీడియం పుస్తకాలు పంచింది. మేలే జరిగింది, కాదనను. కానీ ఇంటర్ సీఈసీ పిల్లాడి చేతికి "క్షీణోపాంత ప్రయోజన సూత్రం" అన్న మాట వచ్చింది. వాడి నాన్న గుంటూరు మిర్చి యార్డులో గిరాకీ, తరుగు, కమీషన్ అంటూ అదే శాస్త్రం మాట్లాడుతున్నాడు. తండ్రీకొడుకులు ఒకరి భాష ఒకరికి అర్థం కాని రెండు బళ్లలో కూర్చున్నారు. 1980ల చివర తెల్లదోమ పత్తిని తినేసి, గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందు తాగిన రోజుల్లో కూడా బీఏ ప్రశ్నపత్రం ఉదాసీనతా వక్రరేఖల మీదే ఉంది. నా దృష్టిలో ఈ సబ్జెక్టు మర్యాద పోయింది అక్కడే, ఎంసెట్ వల్ల కాదు.

2023-24లో హెచ్ఈపీ లాంటి మూడు సబ్జెక్టుల కాంబినేషన్లు తీసేసి ఒకే మేజరు పెట్టారు. ఎకనామిక్స్ ఎంచుకునేవాడికి చదువు పెరిగింది. ఎంచుకునేవాళ్ల సంగతి కాలేజీ లెక్చరర్లను అడగాలి, అడ్మిషన్ల నెలలో వాళ్లే ఇంటింటికీ తిరుగుతున్నారు.

ఎకనామిక్స్ తర్వాత రెండో చదువు నేరం గురించినది. దాని సంగతి వేరు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊరి తగాదాకు తొలి మెట్టు మునసబే. కాలేజీ దాకా ఎవరూ పోలేదు. నేరస్థుల నిర్వహణ అన్నది మన పక్కనే ప్రయోగంగా నడిచింది. 1911 నేరస్థ జాతుల చట్టం కింద కుటుంబాలకు కుటుంబాలనే పుట్టుకతో దొంగలుగా రాసుకున్నారు. 1910ల్లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు పలకాలి, చీటీ లేకుండా పొలిమేర దాటకూడదు. అలాంటి చట్టం దేశమంతటా 1952కల్లా పోయింది, ఊరి పేరు మీది మచ్చ పోలేదు. సంఘసేవకురాలు హేమలతా లవణం లాంటివాళ్లు అక్కడ తిరిగి చేసిన పని ఏ సిలబస్‌లోనూ పాఠం కాలేదు.

అమెరికాలో పోలీసు అధికారి ఆగస్ట్ వోల్మర్ 1916లోనే బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పోలీసులకు తరగతులు పెట్టించాడు. 1968 తర్వాత కేంద్ర ప్రభుత్వం డబ్బు పోసేసరికి క్రిమినల్ జస్టిస్ డిగ్రీలు అక్కడ పుట్టగొడుగుల్లా వచ్చాయి. మనకు జైలు అధికారుల శిక్షణకు 1979లో వేలూరులో నాలుగు దక్షిణాది రాష్ట్రాలు కలిసి ఒక అకాడమీ పెట్టుకున్నాయి. మిగతాది లా కాలేజీ, పోలీసు ట్రైనింగు, దూరవిద్యలో ఇగ్నో పీజీ డిప్లొమా. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు స్టేషన్ రైటరు దగ్గర్నుంచి ప్లీడరు గుమాస్తా దాకా సెక్షన్ల నంబర్లు మళ్లీ బట్టీ పట్టారు. పల్నాడులో ఈ చదువుకు పని లేదని మాత్రం ఎవరూ అనలేరు.

మూడోది పసిపిల్లల చదువు. మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి పాఠాలు చెప్పింది. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ మొదలైంది, అంగన్‌వాడీ మన వీధిలోకి వచ్చింది. 1986 విద్యావిధానం జిల్లాకో టీచర్ల శిక్షణ సంస్థ (డైట్) పెట్టమంటే, ఉమ్మడి గుంటూరు జిల్లా డైట్ మన మండలంలోని బోయపాలేనికే వచ్చింది. చదువుల కోసం మనం గుంటూరు, నరసరావుపేట పోతే, టీచరు ట్రైనింగు కోసం జిల్లా అంతా ఇక్కడికొచ్చింది.

అక్కడ చదివిన అమ్మాయి ట్రంకుపెట్టె తెరిచి చూడండి. దారంతో కట్టిన చింతపిక్కలు, పదేసి పుల్లల కట్టలు, అట్టముక్కల మీద అక్షరాలు, లెసన్ ప్లాన్ల రికార్డు. ఒక పుల్లల కట్ట విప్పి పది అంటే ఏమిటో ఐదేళ్ల పిల్లాడికి చేతికిచ్చి చూపడం డిగ్రీ కాలేజీలో ఎవరూ నేర్పరు. ఈ మాట ఆలస్యంగానైనా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ప్రాథమిక తరగతులు చెప్పడానికి బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో తీర్పు చెప్పింది. 2020 విద్యావిధానమేమో మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది. ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా చాలంది. మెదడు ఎక్కువగా ఎదిగే వయసు ఆరేళ్లలోపే అని అదే పత్రంలో రాసి, ఆ వయసును చూసే మనిషికి ఆరు నెలలు కేటాయించారు.

ఈసారి డైట్ ప్రవేశపరీక్ష డీఈఈసెట్‌కు దరఖాస్తు పెట్టే పిల్ల మీ ఇంట్లో ఉంటే, ఫీజు కట్టి బోయపాలెం బస్సెక్కించండి. "ఇంకేమీ రాలేదా" అని మాత్రం అడగొద్దు.