జిగురును నమ్ముకున్న పడవ

కొయ్య పడవకు చేటు చాలాసార్లు మేకు దగ్గరే మొదలవుతుంది. మేకు దిగిన బెజ్జం చుట్టూ చెమ్మ చేరుతుంది, చెమ్మ వదలని చెక్కలో బూజు పుడుతుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల చెక్క పొడైపోతుంది. 1970లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో నీళ్లలోకి దిగిన ‘అడాజియో’ ఈ చిక్కుకు మొండి జవాబు. 35 అడుగుల ఆ పందెం పడవలో చెక్కను చెక్కతో కలిపి ఉంచింది మేకులూ స్క్రూలూ కాదు, ఎపాక్సీ జిగురు. అంత పెద్ద పడవను పూర్తిగా ఎపాక్సీతోనే అతికించి, లోపలా బయటా దాంతోనే పూత పూయడం అదే మొదలని చెబుతారు.

అడాజియో ట్రైమరాన్ జాతి పడవ. నడుమ ఒక పెద్ద దోనె, చెరో పక్కన ఒక సన్న దోనె, మూడింటినీ కలుపుతూ అడ్డదూలాలు. మామూలు తెరచాప పడవ గాలికి ఒరిగిపోకుండా అడుగున టన్నులకొద్దీ సీసమో ఇనుమో మోస్తుంది. ట్రైమరాన్‌కు ఆ బరువుతో పని లేదు, దాని వెడల్పే దాన్ని నిలబెడుతుంది. మోత తగ్గిన కొద్దీ వేగం పెరుగుతుంది. పసిఫిక్ దీవులవాళ్లు పక్కదోనె కట్టిన పడవలతో ఈ కిటుకును ఏనాడో పట్టుకున్నారు. కాలిఫోర్నియాకు చెందిన ఆర్థర్ పైవర్ 1960లో ప్లైవుడ్‌తో కట్టిన చిన్న ట్రైమరాన్‌లో అట్లాంటిక్ దాటాక అమెరికాలో వీటి మీద మోజు పెరిగింది. ఆయన నక్షాలు కొని పెరట్లోనే పడవ కట్టుకున్నవాళ్లు ఎందరో. అయితే ఆ రోజుల్లో ప్లైవుడ్ మీద గాజుగుడ్డ పరిచి పాలియెస్టర్ రెజిన్ పూసేవారు. అది చెక్కను గట్టిగా పట్టుకోదు. కొన్నాళ్లకు పొర లేచిపోయి, దాని కింద నీళ్లు చేరి, చెక్క గుట్టుగా కుళ్లిపోయేది.

ఈ చిక్కు మీద పనిచేసినవాళ్లు బే సిటీకి చెందిన గూజన్ సోదరులు మీడ్, జోయెల్, జాన్. హ్యూరన్ సరస్సుకు చేరువలో, సాగినా నది ఒడ్డున ఉన్న ఆ ఊరు ఒకప్పుడు కలప వ్యాపారానికీ తర్వాత పడవల నిర్మాణానికీ పేరుపడింది. చలికాలంలో అక్కడి నీళ్లు గడ్డకడితే, మంచు మీద తెరచాప బళ్ల పందేలు జరుగుతాయి. అన్నదమ్ములకు ఆ పందేలంటే ప్రాణం. మంచుబండి ఈకలా తేలిగ్గా ఉండాలి, గతుకులకు విరగకూడదు. అతుకు ఎలా ఉండాలో వాళ్లకు నేర్పింది ఆ బళ్లే. డౌ కెమికల్ కంపెనీ ఉన్న మిడ్‌ల్యాండ్ పక్క ఊరే కావడంతో, ఎపాక్సీ గురించి తెలిసినవాళ్లు చేరువలోనే ఉన్నారు. 1969లో అన్నదమ్ములు కంపెనీ పెట్టారు.

మన ఇళ్లలో విరిగిన కుర్చీకాలు అతికించడానికి రెండు ట్యూబులు కలిపి పూసే ఆరల్డైట్ కూడా ఎపాక్సీయే. అంతకుముందు పడవలకు వాడిన రిసార్సినాల్ జిగురుకు చెక్కలు ఎక్కడా సందు లేకుండా కూర్చోవాలి, పైగా క్లాంపులతో బిగించి పట్టాలి. ఎపాక్సీకి అంత బలవంతం అక్కర్లేదు, చిన్న సందులుంటే తానే పూడ్చేస్తుంది. మరీ బిగిస్తే జిగురంతా బయటికొచ్చి అతుకు బలహీనపడుతుంది కూడా. గూజన్‌ల పద్ధతిలో అయిదు పాళ్ల రెజిన్‌కు ఒక పాలు హార్డెనర్ కలుపుతారు. కలిపిన క్షణం నుంచి అది వేడెక్కడం మొదలుపెడుతుంది. లోతు గిన్నెలో అలాగే వదిలేస్తే పొగలు కక్కుతూ గిన్నెలోనే బిగుసుకుపోతుంది. అందుకని వెడల్పాటి పళ్లెంలో పలచగా పోసుకుంటారు. రెండు పలకలు కలిసే మూలలో పొడి కలిపి చిక్కబరిచిన జిగురు వేసి, గుండ్రటి పుల్లతో లాగితే నున్నటి వంపు తేలుతుంది. ఆ వంపే మేకు చేయాల్సిన పని చేస్తుంది, బరువును ఒక చుక్క మీద పడనీయకుండా అతుకు పొడవునా పంచుతుంది.

మీడ్, జాన్ ఈ పద్ధతినంతా అడాజియో మీద ప్రయోగించారు. తరువాత ఆ జిగురు ‘వెస్ట్ సిస్టమ్’ పేరుతో డబ్బాల్లో అమ్ముడుపోయింది, పద్ధతి 1979లో పుస్తకంగానూ వచ్చింది. డిక్ న్యూయిక్ గీసిన 60 అడుగుల ట్రైమరాన్ ‘రోగ్ వేవ్’ను గూజన్‌లే కట్టారు. దాని యజమాని ఫిల్ వెల్డ్ 1978లో అట్లాంటిక్ దాటే మొదటి రూట్ దు రమ్ పందెంలో మూడో స్థానంలో నిలిచారు. 1980 అట్లాంటిక్ ఒంటరి పందేనికి పొడవు మీద హద్దు పెట్టడంతో రోగ్ వేవ్ పనికిరాలేదు. వెల్డ్ అదే న్యూయిక్ గీసిన మరో ట్రైమరాన్ ‘మాక్సీ’తో వెళ్లి, 65 ఏళ్ల వయసులో 18 రోజుల లోపే దాటి గెలిచారు.

ఈ విద్య నీళ్ల మీదే ఆగలేదు. ఊగి ఊగి అలసిపోకుండా ఉండే గుణం కొయ్యకు సహజంగానే ఉంది. దాన్ని గమనించిన నాసా ప్రయోగాత్మక గాలిమరల కోసం కొయ్య, ఎపాక్సీ కలిసిన రెక్కలను గూజన్‌ల చేత చేయించింది. ఆ తర్వాత బే సిటీ నుంచి అలాంటి రెక్కలు వేల సంఖ్యలో బయటికెళ్లాయి.

అడాజియో మాత్రం ఊరు విడిచి పోలేదు. పోర్ట్ హ్యూరన్ నుంచి మాకినా ద్వీపానికి 1925 నుంచి నడుస్తున్న సరస్సు పందెంలో, తన తర్వాత పుట్టిన కార్బన్ ఫైబర్ పడవల మధ్య పోటీపడుతూ వచ్చింది. డెబ్బై ఏళ్లు దాటాక కూడా మీడ్ దాన్ని పోటీలకు తీసుకెళ్లేవారు. జాన్ 2012లో, మీడ్ 2017లో కన్నుమూశారు. పడవ యాభై ఏళ్లు నిండాక కూడా గట్టిగానే ఉంది.

నిజానికి అన్నదమ్ములు మేకులు మానింది తేలిక కోసం, వేగం కోసం. దీర్ఘాయుష్షు దాని వెంట వచ్చింది. అలాగని ఘనతంతా జిగురుకే కట్టబెట్టలేం. ఎండ తగిలితే ఎపాక్సీ చెడుతుంది, పైన రంగో వార్నిషో ఉండాల్సిందే. ఎక్కడైనా పూత చిట్లితే లోపలికెళ్లిన నీరు బయటికి రాదు, వెంటనే చూసి మూయాలి. పందెం పడవలు ఓడిపోవడం మొదలుపెట్టగానే చేతులు మారతాయి, కొత్త యజమానికి ఏ అతుకు ఎక్కడుందో తెలియదు. అడాజియోకు ఆ గతి పట్టలేదు. దాన్ని కట్టినవాళ్లే దాన్ని నడిపారు, చిట్లిన చోటు కనిపిస్తే ఏం చేయాలో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.