మా వంశవృక్షంలో ఖాళీగా వదిలేసిన గడి

తొండియార్‌పేట ఇంటి మచ్చు దులిపినప్పుడు మా తాతగారి చిట్టా పుస్తకాలు పదకొండు బయటపడ్డాయి. 1959 పుస్తకంలో ఒక పేజీలో బియ్యం, కిరసనాయిలు, పిల్లల జీతం పద్దుల కింద ఇలా ఉంది: "తాళంకప్ప, వెనక గదికి, రూ. 1-25". ఎందుకు కొన్నారో రాయలేదు. మాకు తెలుసు గనక రాస్తున్నాం.

ఆ గదిలో ఉన్నది మా పెద్దత్త, అంటే నాన్నగారి అక్క. ఇదివరకు ఇక్కడ పెట్టిన వంశవృక్షంలో ఆమె గడి ఖాళీగా వదిలేశాం. ఒకరిద్దరు బంధువులు అడిగితే "వివరాలు దొరకలేదు" అన్నాం. అది నిజం కాదు.

ఆమెను గుంటూరు వైపు ఇచ్చారు. 1958లో నాలుగేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. ఆ తరవాత ఆమె మాట తగ్గించింది, తిండి తగ్గించింది, రాత్రిళ్లు లేచి పిల్లాడికి పాలు కలిపేది. అత్తవారు పుట్టింట్లో దిగబెట్టి వెళ్లారు, మళ్లీ రాలేదు. అప్పటి నుంచి 1984లో కన్నుమూసేదాకా ఆమె వెనక గదిలోనే ఉంది. కొట్టలేదు, పస్తు పెట్టలేదు. మా నాయనమ్మ రోజూ తల దువ్వి జడ వేసేది. కానీ ఇంటికి ఎవరైనా వస్తే ఆ గదికి తాళం పడేది. "పెద్దమ్మాయేదీ?" అంటే "నెల్లూరు వెళ్లింది" అనేవారు. పాతికేళ్లపాటు ఆమె నెల్లూరులోనే ఉంది, లెక్కకి.

ఎందుకు దాచారు? "ఆ కాలం అలాంటిది" అని వదిలేస్తే సగమే చెప్పినట్టు.

మొదటి కారణం పెళ్లిళ్లు. పెద్దత్త తరవాత ఇంకా ముగ్గురు ఆడపిల్లలున్నారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, మద్రాసు ఇటే ఉండిపోయాక మా బంధువుల్లో చాలామంది కర్నూలు, గుంటూరు, తరవాత హైదరాబాదు దారి పట్టారు. ఇక్కడ మిగిలింది చేతివేళ్ల మీద లెక్కపెట్టే ఇళ్లు. కొరుక్కుపేటలో చెప్పిన మాట సాయంత్రానికి వాషర్‌మన్‌పేట చేరేది. సంబంధాలన్నీ ఆ నాలుగు ఇళ్ల మధ్యే కలవాలి. "ఆ ఇంట్లో పిచ్చి ఉందట" అనే ఒక్క మాట చాలు, ముగ్గురి పెళ్లిళ్లూ ఆగిపోవడానికి. ఊళ్లో అయితే మేనమామో బాబాయో వచ్చి నాలుగు రోజులు ఉండి భారం పంచుకునేవారు. ఇక్కడ ఆ మనుషులు లేరు, వాళ్ల నోటి భయం మాత్రం ఉంది.

రెండో కారణం ఒక ఊరి పేరు. మా ఇంటికి కీల్పాక్ ఆసుపత్రి పది కిలోమీటర్లు కూడా లేదు. 1794లో వాలెంటైన్ కానలీ అనే సర్జన్ మద్రాసులో నెలకొల్పిన పిచ్చాసుపత్రి దాని మూలం. 1871లో 145 మంది రోగులతో కీల్పాక్‌లోని లోకాక్స్ గార్డెన్స్‌కి మారింది. 1922లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి అని పేరు మార్చారు. పేరు మారినా నోళ్లు మారలేదు. చెన్నైలో "కీల్పాక్ కేసు" అంటే తిట్టే. హైదరాబాదు వాళ్లకి ఎర్రగడ్డ ఎలాగో ఇదీ అలాగే. వైద్యం దొరికే చోటే తిట్టుగా మారితే ఆ గుమ్మం ఎవరు తొక్కుతారు?

మూడో కారణం చట్టం. అప్పుడు అమల్లో ఉన్నది 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం. స్వయంగా వచ్చి చేరే వీలు కాగితం మీద ఉన్నా, మామూలుగా జరిగేది వేరు. ఇంటివాళ్లు మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టాలి, ఇద్దరు డాక్టర్ల సర్టిఫికెట్లు జతచేయాలి, ఆయన ఉత్తరువు ఇస్తే ఆసుపత్రి తీసుకుంటుంది. బిడ్డ పోయి దుఃఖంలో ఉన్న కూతుర్ని కోర్టుకి చెప్పుకుని పంపాలన్నమాట. జీవితంలో కోర్టు మెట్లెక్కని మా తాతగారికి అది జైలుకి పంపడంలాగే తోచింది. ఆ భయం పూర్తిగా వట్టిది కూడా కాదు. 1946 నాటి భోర్ కమిటీ కోసం దేశంలోని మానసిక ఆసుపత్రులు చూసొచ్చిన కల్నల్ మూర్ టేలర్, అవి నయం చేసే చోట్లలా కంటే మనుషుల్ని నిర్బంధించే చోట్లలా ఉన్నాయన్న అర్థంలోనే రాశారు.

అయితే ఇంకో దారి అప్పటికే తెరుచుకుంది. మాకు బాధ కలిగించేది ఇదే. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల ఇంటివాళ్లను కూడా అక్కడే ఉండమన్నారు. తల్లి పక్కన ఉంటే రోగి త్వరగా తేరుకుంటుందనీ, ఇంటికెళ్లాక ఎలా చూసుకోవాలో తల్లికీ తెలుస్తుందనీ ఆయన చూపించారు. కాట్పాడి రైలెక్కితే పూటలో చేరే వేలూరు సీఎంసీలో కూడా ఇంటివాళ్లు తోడుండే పద్ధతి వచ్చింది. కొత్త మందులూ ఆ దశాబ్దంలోనే వచ్చాయి. 1961 నుంచి 1978 వరకు కీల్పాక్ ఆసుపత్రికి అధిపతి మన దేశపు తొలి మహిళా సైకియాట్రిస్టు డాక్టర్ శారదా మీనన్. మా నాయనమ్మ ఆమె ముందు కూర్చుని ఒక ఆడమనిషితో చెప్పుకున్నట్టు చెప్పుకోగలిగేదేమో. ఆమె పేరు మా ఇంట్లో ఎవరూ విననే లేదు. బయటివాళ్లను రానివ్వకూడదని వేసిన తలుపు, అలాంటి కబుర్లను కూడా రానివ్వలేదు. 1984లో ఆమె స్కార్ఫ్ సంస్థ మొదలుపెట్టారు. పెద్దత్త పోయిన ఏడాదే.

ఇంకో సంగతి ఆమె పోయాకే తెలిసింది. పక్కింటి తమిళావిడ పెరటి గోడ మీదుగా రోజూ వెనక గది కిటికీలో ఒక మూర మల్లెపూలు పెట్టేదట. పెద్దత్త జడలో పూలు ఎక్కడివో మా నాయనమ్మ ఎప్పుడూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. అంటే వీధికి తెలుసు. తెలియనట్టు ఉండడం వీధి చేసిన మర్యాద. మా రహస్యం ఎవరి దగ్గరా దాగలేదు, సాయం మాత్రం లోపలికి రాలేదు.

ఇది పాతకాలపు కథ అని మేమూ అనుకున్నాం. 2011లో నోయిడాలో తండ్రి పోయిన దుఃఖంలో ఇద్దరు అక్కచెల్లెళ్లు నెలల తరబడి ఇంట్లో తలుపులేసుకున్నారు. బయటికి తెచ్చిన కొద్ది గంటలకే పెద్దావిడ చనిపోయింది. 2025 జనవరి చివర సికింద్రాబాదు వారాసిగూడలో తల్లి చనిపోతే ఇద్దరు కూతుళ్లు వారం దాటి ఆ శవంతోనే ఉన్నారు. అపార్టుమెంట్లలో గోడలు దగ్గరే, మల్లెపూలు పెట్టే కిటికీలే లేవు. 2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు.

దాచడమే కాదు, గుడి దగ్గరో దర్గా దగ్గరో వదిలేయడమూ ఉంది. 2001 ఆగస్టు 6న రామనాథపురం జిల్లా ఎర్వాడిలో పాకకి నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది పోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది, చికిత్స పొందడాన్ని హక్కు చేసింది. ఇప్పుడు డాక్టరు దగ్గరికెళ్లడానికి మేజిస్ట్రేటుతో పనిలేదు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తమిళం ఇంటి బయట ఎంత బాగా మాట్లాడినా, ఏడుపు మాత్రం తెలుగులోనే వచ్చే మనలాంటివాళ్లకి ఇది చిన్న సంగతి కాదు.

మా తాతగారిని, నాయనమ్మని దోషుల్ని చేయడానికి ఇది రాయలేదు. మిగిలిన ముగ్గురు కూతుళ్లనీ కాపాడుకోవాలని ఒక కూతుర్ని దాచారు. ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయి, వాళ్ల పిల్లల్లో కొందరు ఇది చదువుతున్నారు కూడా. వాళ్లకి ఇది చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పోయినేడు మా ఇంట్లో ఒక చిన్నవాడు కాలేజీ మానేసి గదిలోంచి బయటికి రావడం మానేశాడు. "ఎవరైనా అడిగితే బెంగుళూరు వెళ్లాడని చెప్పండి" అన్న మాట మా నోటివెంటే వచ్చింది. అన్నాక అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు కొంచెం నయం. రాయమని చెప్పింది కూడా వాడే.

వంశవృక్షంలో పెద్దత్త గడి నింపాం. పుట్టిన ఏడు, పోయిన ఏడు, కొడుకు పేరు రాశాం. మీ ఇళ్లలో కూడా "వివరాలు దొరకలేదు" అని వదిలేసిన గడి ఉంటే, తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాసుకోండి. మీ ఇంట్లో ఇప్పుడెవరైనా "ఊరెళ్లి" ఉంటే, దయచేసి ముందు ఆ తలుపు తీయండి.