సంఘైక్యము: డోర్నకల్ అజరయ్య గారి మార్గము

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనమునకు ప్రారంభోత్సవము జరిగినది. అది మొదలు హైదరాబాదు నగరపు పడమటి దిక్కు రూపురేఖలే మారిపోయినవి. బండరాళ్ళు, తుమ్మచెట్లు ఉన్న నేలపై మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి మేడలు లేచినవి. దేశము నలుమూలల నుండి యువజనులు ఉద్యోగములకై అచటికి వచ్చి చేరినారు.

ఆ మేడల వైభవము మన ప్రసంగ విషయము కాదు. అందు కాపురమున్న క్రైస్తవ కుటుంబములకు ఆదివారమునాడు ఎదురగు ప్రశ్న ఒకటి కలదు. దానిని గూర్చియే నేడు ముచ్చటింతము. ఒంగోలు నుండి వచ్చినవారు బాప్టిస్టులు. గుంటూరు వారు లూథరనులు. పక్కింటివారు తిరునెల్వేలి తమిళులు. వీరందరు కలిసి ఏ పద్ధతిని ఆరాధింపవలెను? ఏ భాషలో? ఉద్యోగము మారగానే ఊరు మారు జనముతో సంఘమును నిలుపుట ఎట్లు? సంఘమును నడుపువారికి ఇది చిన్న చిక్కు కాదు. అయితే ఇది నేడు పుట్టిన చిక్కును కాదు. నూరేండ్ల క్రిందట ఇదే తెలంగాణములో, నైజాము రాజ్యమందలి డోర్నకల్ అను చిన్న రైలుకూడలి ఊరిలో, ఒక పెద్దమనిషి దీనినే తలకెత్తుకొన్నారు.

మొదట ఈ శాఖలు తెలుగునాటికి ఎట్లు వచ్చినవో చూతము. 1840లో అమెరికను బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరినారు. 1841లో ఇంగ్లండు నుండి నోబిల్, ఫాక్స్ అనువారు వచ్చి మచిలీపట్టణములో ఆంగ్లికను మిషనును నెలకొల్పినారు. 1842లో లూథరనుల పక్షమున హయ్యరు గారు గుంటూరు వచ్చినారు. కడప, జమ్మలమడుగు ప్రాంతములలో లండన్ మిషను వారు, మెదక్ సీమలో వెస్లియను మెథడిస్టులు పనిచేసినారు. ఒకరి పొలములో ఒకరు దున్నకుండునట్లు మిషనులు ప్రాంతములను పంచుకొన్నవి. కనుక తెలుగు క్రైస్తవునకు తన శాఖ తాను విచారించి ఎన్నుకొన్నది కాదు; పుట్టిన ఊరు ఇచ్చినది. ఊరిలో ఉన్నన్నాళ్ళు ఈ భేదము తెలియరాదు. బ్రతుకుతెరువుకై ఊరు దాటిన నాడు, తాను పొరుగు జిల్లా గుడిలో పరాయివాడనని అతనికి తెలియవచ్చెడిది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై గ్రామములో జన్మించినారు. తండ్రి గ్రామ గురువు. అజరయ్య గారు వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగినారు. విదేశముల ధనముపై ఆధారపడక భారతీయులే నడుపుకొనవలెనను పట్టుదలతో, 1903లో కొందరితో కలిసి తిరునెల్వేలి భారతీయ మిషనరీ సమాజమును స్థాపించినారు. ఆ సమాజము తన పనికి ఎన్నుకొన్న చోటు డోర్నకల్. 1909లో అజరయ్య గారు తామే అచటికి కాపురము వచ్చినారు. నాటికి వారికి ముప్పదియైదేండ్లు. ఆ వయస్సున తెలుగు నేర్చుకొన్నారు.

మరుసటి యేడు ఎడింబరో మహాసభలో వారు చేసిన ప్రసంగము ప్రసిద్ధమైనది. విదేశ మిషనరీల త్యాగమును మెచ్చుకొనుచునే, తమకు వారి నుండి కావలసినది స్నేహమని, అది దొరకలేదని వారు సభాముఖమున చెప్పినారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వారికి బిషప్ పదవి లభించినది. ఆంగ్లికను సంఘములో ఆ పదవి పొందిన మొదటి భారతీయులు వారే. దొరలలో కొందరికి ఇది రుచింపలేదు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు గట్టిగా నిలబడినందుననే అది నెరవేరినది.

డోర్నకల్ మండలమున సంఘములో చేరినవారు చాలవరకు మాల, మాదిగ వాడల పేదలు. ఒకే ఊరిలో ఒక వాడ ఒక మిషనును, మరియొక వాడ మరియొక మిషనును ఆశ్రయించినచో, పాత కులభేదము క్రొత్త పేరుతో స్థిరపడును. సంఘైక్యమును గూర్చి అజరయ్య గారి ఆరాటమునకు మూలము ఇట్టి గ్రామానుభవమే. పాశ్చాత్య దేశములలో సంఘ విభేదములు బలహీనతకు మాత్రమే కారణము కావచ్చును గాని, ఈ దేశమున అవి పాపము, అవమానము అని 1927లో లోజాను మహాసభలో వారు చెప్పిన మాట ఈ అనుభవములో నుండి వచ్చినదే.

దీనికి పునాది 1919 మే నెలలో పడినది. తరంగంబాడిలో ముప్పదిమువ్వురు బోధకులు సమావేశమైనారు. వారిలో ఇద్దరు తప్ప అందరు భారతీయులే. ఈ విభేదములు మనము కల్పించుకొన్నవి కావు, బయటి నుండి వచ్చిపడినవి, వీటిని మనమేల మోయవలెనని వారు ప్రశ్నించినారు. తరువాత సంప్రదింపులు ఆరంభమైనవి. ఒక పక్షము ఆంగ్లికనులు, ఒక పక్షము మెథడిస్టులు, మరియొక పక్షము 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘము.

చిక్కంతయు గురువుల అభిషేకము దగ్గర వచ్చినది. బిషప్ హస్తనిక్షేపము లేని గురువు గురువు కాడని ఆంగ్లికనులలో అనేకుల విశ్వాసము. తక్కిన వారికి బిషప్పులే లేరు. తమ గురువులను మరల అభిషేకింతుమనుట వారికి అవమానము. ఇరువది యేండ్లకు మించి సాగిన చర్చలలో తేలిన పరిష్కారము ఇది. అప్పటికే గురువులైనవారిని యథాతథముగా అంగీకరింతురు. ఎవరికిని మరల అభిషేకము లేదు. ఐక్యము జరిగిన దినము నుండి క్రొత్తగా వచ్చు గురువులనందరిని బిషప్పులే అభిషేకింతురు. నడుమ ముప్పది సంవత్సరములు ఇరువిధముల గురువులు ఒకే సంఘములో పనిచేయుదురు. అంతేకాక, ఏ స్థానిక సంఘమునకైనను మనస్సాక్షికి ఒప్పని గురువును గాని, ఆరాధన పద్ధతిని గాని బలవంతముగా రుద్దరాదని అందరు మాట ఇచ్చుకొన్నారు.

ఇందలి వివేకమును గమనింపుడు. రాబోవు తరమునకు దారి ఒకటే అని నిర్ణయించినారు. ఉన్న తరమును మాత్రము అవమానింపలేదు. ఓట్లతో గెలువదగిన విషయమునకు కాలమిచ్చి, మనస్సులు కుదురుకొననిచ్చినారు.

అజరయ్య గారి మందిరమును చూచినను ఈ బుద్ధియే కనబడును. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ దేవాలయములో హిందూ శిల్పరీతి, ముస్లిము శిల్పరీతి క్రైస్తవారాధన కొరకు కలిసినవి. లోపలి విశ్వాసమును విడువక, బయటి రూపమును ఈ నేలకు అనుగుణముగా మలచుకొన్నారు.

అయితే ఐక్యమును వారు కన్నులార చూడలేదు. 1943లో మెథడిస్టులు సమ్మతించినారు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే అజరయ్య గారు కన్నుమూసినారు. ఆ నెలలోనే ఆంగ్లికనులు, మరుసటి యేడు ఐక్య సంఘము వారు ఆమోదించినారు. దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన ఆరు వారములకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించినది. సుమారు పది లక్షల మంది అందులో చేరినారు. మెదక్ మెథడిస్టులు, కృష్ణా జిల్లా ఆంగ్లికనులు, జమ్మలమడుగు లండన్ మిషను వారు ఒక్కటైనారు. హైదరాబాదు నగరము క్రొత్త మెదక్ మండలములో చేరినది.

అందరును చేరలేదు. బాప్టిస్టులు, లూథరనులు, అమెరికను మెథడిస్టులు వెలుపలనే ఉండిపోయినారు. ఆంగ్లికనులలోనే నంద్యాల ప్రాంతము వారు అనేకులు ఈ ఏర్పాటును ఒప్పుకొనలేదు. అభిషేకమును గూర్చి రాజీ పడుట తమకు మనస్సాక్షి విరుద్ధమన్నారు. ఆ యెడబాటు సామాన్యమైనది కాదు. నిన్నటి వరకు ఒకే బల్లయొద్ద సంస్కారము పుచ్చుకొన్నవారు వేరైనారు. 1948లో లండనున సమావేశమైన లాంబెత్ సభ కూడ క్రొత్త సంఘమును సంపూర్ణముగా అంగీకరింపక సందేహించినది. నంద్యాల వారు చివరకు 1975లో ఐక్య సంఘములో చేరినారు. ఆ నంద్యాల మండలమునకే 2013లో పుష్పలలిత గారు బిషప్ అయినారు. దక్షిణ ఇండియా సంఘములో ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ వారు. ఒకనాడు మార్పునకు తలుపు మూసిన చోటనే మరియొకనాటి మార్పునకు తలుపు తెరచుకొన్నది.

వెలుపల నిలిచిన శాఖలతో కూడ పని ఆగలేదు. బాప్టిస్టులు, లూథరనులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘము వారు కలిసి 1964లో రాజమహేంద్రవరమున ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలను స్థాపించినారు. అది తరువాత హైదరాబాదుకు తరలివచ్చినది. పేరులో కలియలేనివారు గురువుల శిక్షణలో కలిసినారు.

ఇక సైబరాబాదు మాటకు వత్తము. మిషనులు గీసిన సరిహద్దులు అచట ఒక లిఫ్టులోనే చెరిగిపోవుచున్నవి. వాటితోపాటు తాతల నాటి పాటలు, ప్రార్థనలు, ఊరి గుడి గుర్తులు కూడ చెరిగిపోవునేమోనని పెద్దల దిగులు. పాత పద్ధతులు తమను పట్టి ఉంచునేమోనని పిల్లల దిగులు. రెండును నిజమైన దిగుళ్ళే. డోర్నకల్ చరిత్ర చెప్పునది ఇంతే: ఏది విడువరానిదో నాయకుడు ముందు నిర్ణయించుకొనవలెను, తక్కిన దానిలో జనమునకు వ్యవధి ఈయవలెను, రానివారితో స్నేహము తెంచుకొనరాదు. తరంగంబాడి నుండి మద్రాసు వరకు ఇరువదియెనిమిది సంవత్సరములు పట్టినవి. నంద్యాలకు మరి ఇరువదియెనిమిది పట్టినవి. విత్తినవాడే కోయవలెనను నియమము ఈ సేద్యములో లేదు.